చక్రానిదే తప్పు

వంతెన కొట్టుకుపోయిన వరద తర్వాత మూడో ఏడు అది. గోడల మీద నడుం ఎత్తున బురద చార ఇంకా ఉంది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా మళ్ళీ పైకి తేలేది. వంతెన మళ్ళీ కట్టలేదు. మనుషులూ బళ్ళూ మేకలూ అన్నీ బల్లకట్టు మీదే నది దాటాలి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు కట్టిన మోకును చేతులతో లాగుతూ బల్లకట్టు నడిపేవారు. ఆ మోకు ఏడాదికోసారి మార్చాలి. ఆ ఏడు మోకు పేనే పని తాళ్ళ వీధిలోని చివరి షెడ్డుకు వచ్చింది.

తాళ్ళ వీధిలో షెడ్లు నాలుగు. అన్నిటికన్నా పొడుగుది చివరిదే. ఈ కొసన నిలబడితే ఆ కొసన ఉన్న మనిషి బొటనవేలంత కనిపిస్తాడు. పైకప్పు పెంకుల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా దిగేది. ఆ గీతల్లో పీచు నూగు ఎగురుతూ ఉండేది. కింద పడేది కాదు, పైకి పోయేది కాదు.

మేస్త్రి ఆ షెడ్డులో ముప్పై ఏళ్ళుగా వెనక్కి నడుస్తున్నాడు. అదే అతని పని. నడుముకు పీచు చుట్టుకుంటాడు. ఒక పాయ తీసి చక్రం ముందున్న కొక్కేనికి తగిలిస్తాడు. చక్రం తిరిగితే కొక్కెం తిరుగుతుంది, పీచుకు పురి ఎక్కుతుంది. కుడిచేతిలో తడిగుడ్డతో దాన్ని పట్టుకుని, ఎడమచేత్తో పీచు వదులుతూ, ఒక్కో అడుగే వెనక్కి వేస్తాడు. అతని ముందు పేట పుట్టుకుంటూ పోతుంది. అలాంటి పేటలు కలిపి పేనితేనే మోకు. మూడు వందల అడుగులు. ఇరవై అడుగులకొక గుంజ పాతి ఉంటుంది. ఒక్కదానికీ భుజం తగలదు. వీధిలో అతన్ని వెనకనడక అనేవారు.

"పెళ్ళికి కూడా వెనక్కి నడిచే వచ్చాడు వీడు. పెళ్ళికూతురు మొహం అందరికన్నా ఆఖర్న చూశాడు" అనేవాడు దువ్వెన తాత. తాత మేకుల బల్ల ముందు కూర్చుని పీచు దువ్వుతాడు. షెడ్డులో మాటలన్నీ అతనివే. మేస్త్రి రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

చక్రం తిప్పేది ఒక ఆడమనిషి. చక్రం వదిన అంటారు. మొగుడు పడవల మీద పోయి ఏడాదికోసారి వస్తాడు. ఇంట్లో అత్త ఉంది. వదిన ఆ చక్రం పక్కన పీట వేసుకుని కూర్చుని ఆరేళ్ళయింది. కుడిచెయ్యి తిప్పుతుంటే ఎడమచెయ్యి మోకాలి మీద ఊరికే పడి ఉండేది, నిద్రపోతున్న పిల్లిలా.

పురి పనిలో ఒక చిక్కుంది. నడిచేవాడి అడుగు ఆగితే పురి ముదురుతుంది. అడుగు ఉరికితే వదులవుతుంది. చక్రం ఉరికినా, ఆగినా జరిగేది అదే. పేటను చూసి తప్పు ఎవరిదో ఎవరూ చెప్పలేరు. అందుకని తాళ్ళ వీధిలో ఎప్పట్నుంచో ఒక కట్టడి ఉంది. పురి తప్పితే చక్రానిదే తప్పు. నడక నేర్చుకోవడానికి పదేళ్ళు పడుతుంది, చక్రం ఎవరైనా తిప్పుతారు అని వాళ్ళ లెక్క.

సోమవారం మేస్త్రి పనిలోకి వచ్చేసరికి అతని కుడిచెవి మూసుకుపోయి ఉంది. వారం రోజులుగా జలుబు. మూడు రోజులుగా చెవిపోటు. ఆ పొద్దున దిండు మీద చిన్న తడి మరక కనిపించింది. దిండు తిరగేసి పెట్టాడు. పెళ్ళానికి చెప్పలేదు.

మొదటి రెండు పేటలూ బాగానే వచ్చాయి. మూడో పేట నూరో అడుగు దగ్గర నేల మెత్తబడింది.

అతను కిందికి చూడలేదు. ఎప్పుడూ చూడడు. కాలికింద మట్టినేలే ఉంది, అయినా అది తడి ఇసుకలా కొంచెం దిగి, కొంచెం లేస్తోంది. చెవిలో దూరంగా ఏదో పొంగుతున్న చప్పుడు. ముందున్న పేట నిటారుగానే ఉంది. దాని వెనక చక్రం, చక్రం పక్కన ఆమె, ఆమె పక్కన కిటికీ, మూడూ కలిసి మెల్లగా ఎడమవైపు జరుగుతున్నాయి. ఒడ్డు వదిలిన బల్లకట్టు మీంచి ఒడ్డును చూసినట్టుంది. కాసేపటికి మళ్ళీ వాటి చోటుకి వచ్చాయి. మళ్ళీ జరిగాయి. పేట చేతిలో ఒకసారి బిగుసుకుంది, ఒకసారి వదులైంది.

తను తిన్నగానే నడుస్తున్నాడు. అందులో అతనికి అనుమానం లేదు. ముప్పై ఏళ్ళ నడక అది.

కుడిభుజం గుంజకు కొట్టుకుంది.

దువ్వెన తాత చెయ్యి ఆపి చూశాడు. షెడ్డులో అందరూ చూశారు. మేస్త్రి నిలబడిపోయాడు. భుజం రుద్దుకోలేదు. చక్రం వైపు చూసి అన్నాడు:

"చక్రం తడబడుతోంది."

ఆ రెండు మాటలే. మాట్లాడని మనిషి నోట్లోంచి వచ్చేసరికి అవి పోయి గోడకు మేకులా దిగాయి.

"లేదన్నా, సమంగానే తిప్పుతున్నా" అంది ఆమె.

అతను మళ్ళీ పాయ తగిలించాడు.

మరునాడు షెడ్డు యజమాని వచ్చి పేటలు చూశాడు. అతను తాడును కంటితో చూడడు. కళ్ళు మూసుకుని, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, షెడ్డు పొడుగునా నడుస్తాడు. అతను అలా నడుస్తుంటే ఎవరూ దగ్గనైనా దగ్గరు. మొదటి రెండు పేటల మీద వేళ్ళు ఆగలేదు. మూడో దాని మీద నూరో అడుగు దగ్గర ఆగాయి. నాలుగో దాని మీద మొదటే ఆగాయి. ఐదోది సగం చూసి వదిలేశాడు.

"ముదురు, వదులు, ముదురు, వదులు. పాము కోడిగుడ్డు మింగినట్టుంది" అన్నాడు. "ఈ మోకు మీద ఎంతమంది నది దాటతారో తెలుసా? మధ్యలో తెగితే ఏ గట్టుకు పోతారు వాళ్ళు? ఏమ్మా, చెయ్యి ఎక్కడ పెట్టుకు తిప్పావు?"

ఆమె పీట మీంచి లేచింది.

"నా చెయ్యి తప్పలేదయ్యా. ఆరేళ్ళలో ఒక్కసారన్నా తప్పిందా? నిన్న మేస్త్రన్న గుంజకు కొట్టుకున్నాడు. అందరూ చూశారు."

"చక్రం తడబడితే ఎవడైనా కొట్టుకుంటాడు."

"తడబడలేదు." ఆమె మేస్త్రి వైపు తిరిగింది. "అన్నా, నువ్వే చెప్పు. నిన్నేదో అన్నావు, పోనీ. ఇప్పుడు ఆలోచించుకుని చెప్పు."

మేస్త్రి గుంజకు ఆనుకుని ఉన్నాడు. ఆనుకోకపోతే షెడ్డు కదులుతోంది. ఆమె మొహం అతనికి కొంచెం పక్కగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు కనిపించింది. మాట కూడా ఎడమ వైపు నుంచే వినిపించింది, ఆమె నిలబడింది కుడి పక్కనైనా. చెప్పడానికి ఏముంది? తను తిన్నగా నడిచాడు. పురి తప్పింది. అతను తల దించుకున్నాడు. తల దించడం చక్రానిదే తప్పు అన్నట్టే అయింది.

ఆమె చీర కొంగుతో పీట మీది నూగు దులిపింది. తను కూర్చునే చోటు శుభ్రం చేసి మరీ వెళ్ళిపోయింది.

చక్రం దగ్గర యజమాని బావమరిది కూర్చున్నాడు. కుదురుగా ఏ పనీ చెయ్యని మనిషి. "ఇదేముంది, గానుగెద్దు పని" అంటూ మొదలుపెట్టాడు. ఇరవై తిప్పుళ్ళకు భుజం మార్చాడు. "దానికి ఒకటే చెయ్యి రా. కుడిచెయ్యి కాకపోతే ఎడమ కాలు పెట్టి చూడు" అన్నాడు తాత.

మేస్త్రి ఏడడుగులు వేశాడు. ఎనిమిదో అడుగు వేస్తే అక్కడ నేల లేదు.

వెల్లకిలా పడ్డాడు. పెంకుల సందుల్లోని ఎండ గీతలన్నీ ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టాయి. చక్రం ఆకుల్లా తిరిగాయి. కళ్ళు మూసుకుంటే చీకటి తిరిగింది. పక్కకు ఒత్తిగిలి వాంతి చేసుకున్నాడు. నేలను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు, జారిపోకుండా.

"తాగాడ్రా" అన్నారు ఎవరో.

"ఛ, మేస్త్రి తాగడు."

"చూస్తున్నావుగా! మంగళవారం పూట, పట్టపగలు."

తాగలేదని చెప్పడానికి నోరు తెరిస్తే మళ్ళీ వాంతి వచ్చింది. నలుగురు కలిసి అతన్ని బండి మీద ఎక్కించి ఇంటికి తీసుకెళ్ళారు. వీధిలో గుమ్మాల్లోకి వచ్చి నిలబడిన వాళ్ళు నవ్వు ఆపుకోవడం అతనికి ఎడమచెవిలో వినపడింది. నా మాట ఎవరూ అడగలేదే అనుకున్నాడు. ఆ మాట లోపల ఎక్కడో తగిలింది. తనకన్నా ముందు ఆ మాట ఎవరు అనుకుని ఉంటారో అప్పుడు తట్టలేదు.

రెండు రోజులు మంచం మీద ఉన్నాడు. మంచం నది మీద ఉంది.

ఎడమవైపు ఒత్తిగిలి కదలకుండా పడుకుంటే నది నెమ్మదించేది. కుడివైపుకు కళ్ళు తిప్పితే సుడి. గోడ మీది బురద చార అతని కంటికి ఎదురుగా ఉండేది. అది నిలవకుండా పారుతూ ఉండేది, వరద వచ్చినప్పుడు పారినట్టే. కుడిచెవిలో హోరు. మొదట అది నీళ్ళ చప్పుడు అనుకున్నాడు. తర్వాత తేనెటీగలు. తర్వాత చక్రం. ఆమె తిప్పిన చక్రమే, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా ఉరకకుండా, అంతా ఒకే లాగా. ఆ సమానం వింటూ నిద్రపోయాడు. లేచాక కూడా అదే.

పెళ్ళాం పాలు పట్టింది. గ్లాసు అతని నోటికి కాక గడ్డానికి ఆనింది.

"ఏమయ్యా, నిజం చెప్పు. నాతో అబద్ధమాడకు. తాగావా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఊపడంతో ఇల్లు తిరిగింది. మంచం పట్టీ పట్టుకున్నాడు.

"తల ఊపకు మరి! నోరు లేదా? ముప్పై ఏళ్ళ నుంచీ నీ తలకాయతోనే కాపురం చేస్తున్నాను." ఆమె దిండు సర్దబోయి ఆగింది. దిండు తిరగేసింది. ఎండిన మరక చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "ఇదెప్పటిది?"

"ఆదివారం రాత్రిది."

"ఆదివారం నుంచి చెవి కారుతుంటే..." ఆమె పోయి పక్కింటి బండి పిలిచింది.

డాక్టరమ్మ వయసులో చిన్నది. ఆమె గదిలో ఒక కిటికీ, దాని ఎదురుగోడకు ఒక నీలం పరదా. చెవిలోకి దీపం పెట్టి చూసింది. తన వేలు అతని ముక్కు ముందు పెట్టి అటూ ఇటూ జరిపింది.

"నీ కళ్ళు చూడు బాబాయ్, ఒక పక్కకు జారి మళ్ళీ ఉలిక్కిపడి వెనక్కి వస్తున్నాయి. నీకు తెలుస్తోందా?"

"గోడ జారుతోంది."

"గోడ కాదు. కళ్ళు." ఆమె అతని కుడిచెవి దగ్గర గడియారం పెట్టింది. అతనికేం వినపడలేదు. "చెవికి పట్టిన చీము లోపలిదాకా పోయింది. చెవి బాగా లోపల, ఎముకలో, సన్నటి గొట్టాలుంటాయి. వాటిలో నీళ్ళుంటాయి. మనం వంగామా, తిరిగామా, తిన్నగా ఉన్నామా అన్నది ఆ నీళ్ళే చెబుతాయి. నీకు కుడిపక్కది వాచిపోయింది. ఎప్పుడు మొదలైంది తిరుగుడు?"

"సోమవారం."

"సోమవారం నుంచా? పనికి వెళ్ళలేదుగా?"

"వెళ్ళాను."

పెళ్ళాం అందుకుంది. "ఆయన తాళ్ళ షెడ్డులో వెనక్కి నడుస్తాడమ్మా. అదే పని."

డాక్టరమ్మ అతన్ని కొంచెంసేపు చూసింది. "సోమవారం ఎలా నడిచావు?"

"తిన్నగా."

"లే. ఆ కిటికీ వైపు తిరిగి నిలబడు. భయపడకు, పక్కనే ఉంటాను. కళ్ళు మూసుకుని ఉన్నచోటే అడుగులు వెయ్యి. కదలకూడదు. యాభై అడుగులు."

ఇదేం పని అనుకున్నాడు అతను. మూడు వందల అడుగులు వెనక్కి వేసేవాడికి ఉన్నచోట యాభై. కళ్ళు మూసుకున్నాడు. కనురెప్పల మీద కిటికీ వెలుతురు ఎర్రగా ఉంది. ఒకటి, రెండు. కాలు లేపినచోటే పెట్టాడు. ఎరుపు నెమ్మదిగా పలచబడింది. మబ్బు పట్టిందేమో. నలభై తొమ్మిది, యాభై.

"కళ్ళు తెరు."

ఎదురుగా నీలం పరదా ఉంది.

అతను చాలాసేపు దాన్నే చూశాడు. కిటికీ ఎటు పోయిందో వెతికాడు. అది అతని వీపు వెనక ఉంది.

"మీరు తిప్పారు నన్ను" అన్నాడు.

"నేను ముట్టుకోలేదు. అడుగు మీ ఆవిణ్ణి."

పెళ్ళాం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది.

"నేను కదల్లేదు."

"కదల్లేదనే నీకు తెలుస్తుంది బాబాయ్. చెప్పాల్సిన చెవే పాడైతే ఇంకెవరు చెబుతారు నీకు?"

అతను కుర్చీలో కూర్చున్నాడు. కుడిచేతి వేళ్ళు రెండు తమంతట తామే ఒకదానికొకటి రాసుకున్నాయి, మధ్యలో పేట ఉన్నట్టు. ముదురు, వదులు. ముదురు, వదులు.

మందులు రాస్తూ డాక్టరమ్మ చెప్పింది. పది రోజులకు తిరుగుడు తగ్గుతుంది. పూర్తిగా సర్దుకోవడానికి నెలలు పట్టొచ్చు. ఆ చెవికి వినికిడి వస్తుందో రాదో చెప్పలేం. జ్వరమొచ్చినా తలనొప్పి వచ్చినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. వెనక్కి నడిచే పని మాత్రం ఇప్పట్లో మరిచిపోవాలి.

ఆ సాయంత్రమే యజమాని చూడ్డానికి వచ్చాడు. మంచం పక్కన పీట వేస్తే కూర్చున్నాడు. మంచివాడే.

"తాగావని ఎవడో కూశాడు. నోరు మూయించాను. ఎండదెబ్బ అని చెప్పాను అందరికీ. అదేగా?"

"డాక్టరమ్మేమో చెవి..." అంటూ పెళ్ళాం మొదలుపెట్టింది.

మేస్త్రి దుప్పటి కింది నుంచి చెయ్యి ఎత్తాడు. ఆమె ఆగిపోయింది.

"రెండు వారాలు పడుకో. నీ చోటు నీదే" అన్నాడు యజమాని. "వెనక్కి నడవలేనివాడైతే నేనేం చేసుకోను గాని, నీకా దిగులేముంది? ఆ ఆడమనిషి సంగతి మిగతా మూడు షెడ్లకూ చెప్పించాను. నిన్న రెండో షెడ్డుకు పోయి అడిగిందట. వాళ్ళు గుమ్మం ఎక్కనివ్వలేదు. పురి తప్పే చెయ్యి ఎవరికి కావాలి? నువ్వు ఆ రోజు అనబట్టి గాని, లేకపోతే ఆ మోకు నది మీదికి పోయేది. ఎంతమంది ప్రాణాలు కాపాడావో!"

మేస్త్రి గోడ మీది చార చూస్తున్నాడు. అది ఆ సాయంత్రం పారడం లేదు. కొంచెం వణుకుతోందంతే.

యజమాని వెళ్ళాక పెళ్ళాం దీపం పెట్టింది. మంచం కాళ్ళ దగ్గర కూర్చుంది.

"చెయ్యి ఎందుకెత్తావు?"

అతను గోడ వైపు ఒత్తిగిలాడు.

"చక్రం తడబడిందని నువ్వే అన్నావటగా. నాకు ఇవాళే తెలిసింది." ఆమె అతని పాదం మీద చెయ్యి వేసింది. "అది అన్నప్పుడు నీకు తెలియదు. సరే. ఇందాక చెయ్యి ఎత్తినప్పుడు తెలుసుగా."

మరునాడు తెల్లారగానే అతను లేచాడు. పెళ్ళాం నీళ్ళకు పోయింది. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. గుమ్మం పట్టుకుని వీధిలోకి దిగాడు. ఎడమచెయ్యి గోడల మీద వేసి నడిచాడు. గోడ అయిపోయి సందు వచ్చినప్పుడల్లా ఆగి, అవతలి గోడ తనకు దగ్గరయ్యేదాకా చూసి, నాలుగడుగులు దాటేవాడు. ఇల్లిల్లూ చేతికింద పోయింది. సున్నం, ఇటుక, తడి, మళ్ళీ సున్నం.

చక్రం వదిన ఇల్లు వీధి మొదట్లో ఉంది. వరద తర్వాత అరుగు ఎత్తించుకున్నారు. ఐదు మెట్లు. పట్టుకోవడానికి ఏమీ లేదు. అతను మొదటి మెట్టు దగ్గర నిలబడ్డాడు. మెట్లు ఒకదాని మీదికి ఒకటి జరుగుతున్నాయి. వంగి రెండు చేతులూ మోకాళ్ళూ ఆనించి ఎక్కడం మొదలుపెట్టాడు.

పైన ఊడుస్తున్న అత్త చీపురు ఆపింది.

"ఓసే, రా, చూడు! మీ మేస్త్రిగారు దేకుతున్నారు. ఏం నాయనా, పొద్దున్నే పోసుకున్నావా? నా కోడలి కూడు తీసేసింది చాలక ఇప్పుడు నా మెట్లు నాకుతావా?"

చక్రం వదిన గుమ్మంలోకి వచ్చింది. తల సగం దువ్వి ఉంది. చెయ్యి ఇవ్వలేదు. అతను అయిదో మెట్టు ఎక్కి కూర్చునేదాకా చూసింది.

"నా చెవి పాడైంది" అన్నాడు అతను. "తిన్నగా నడిచాననుకున్నాను. నడవలేదు. నీ చెయ్యి తప్పలేదు."

"ఆ సంగతి నాకు తెలుసు."

"షెడ్డుకు రా. చెబుతాను."

"ఇప్పుడొచ్చిందా నోరు?" ఆమె దువ్వెన జుట్టులోంచి లాగింది. "ఆ రోజు అడిగాను. అన్నా, ఆలోచించుకుని చెప్పు అన్నాను. అందరి ముందూ అడిగాను."

"అడిగావు."

ఆమె ఇంకేదో అనబోయి అతని కళ్ళు చూసింది. అవి ఆమె మీద నిలవలేక పక్కకు జారి, ఉలిక్కిపడి వెనక్కి వస్తున్నాయి. ఆమె జుట్టు ముడివేసుకుంది.

"భుజం ఇస్తావా?" అన్నాడు.

"ఎందుకు? గోడ పట్టుకుని వచ్చావుగా, గోడ పట్టుకునే పద. నేను వెనకాల వస్తాను."

మెట్లు కూర్చునే దిగాడు. మొదటి షెడ్డు ముందు ఆగాడు. లోపల చక్రం తిరుగుతోంది. గుమ్మం పట్టుకుని గట్టిగా అన్నాడు, తన గొంతు తనకు సగమే వినపడుతోంది గనక.

"నేను చివరి షెడ్డు మేస్త్రిని. సోమవారం పురి తప్పింది నా నడక వల్ల. నా చెవిలో జబ్బు. ఈమె చెయ్యి మంచిది."

చక్రం ఆగింది. లోపల వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకతను కూర్చోమని పీట జరిపాడు. అతను కూర్చోలేదు. రెండో షెడ్డు ముందు అవే మాటలు చెప్పాడు. మూడో షెడ్డు ముందు "వినపడలేదు, మళ్ళీ చెప్పు" అన్నారు, నవ్వుతూ. మళ్ళీ చెప్పాడు.

చివరి షెడ్డులో యజమాని పేట పట్టుకుని ఉన్నాడు. మేస్త్రి చెప్పింది అంతా విన్నాడు. వేళ్ళ మధ్య పేట అలాగే ఉంది.

"తెలిసే అంటున్నావా? ఇది విన్నాక నిన్ను వెనక్కి నడవనివ్వను నేను. రెండు వారాలు కాదు, ఎప్పటికీ."

"నడవనివ్వకు."

దువ్వెన తాత పీచు దువ్వడం ఆపలేదు గాని మేకుల మీద చప్పుడు మెత్తబడింది. యజమాని ఆమె వైపు చూశాడు. ఆమె అతని మాట కోసం ఆగలేదు. నేరుగా చక్రం దగ్గరికి పోయి బావమరిది ముందు నిలబడింది. అతను భుజం నొక్కుకుంటూ, బతికాను అన్నట్టు లేచాడు.

ఆమె కూర్చుంది. ఖాళీ చక్రాన్ని ఒకసారి తిప్పి చూసుకుంది.

"పీచు ఎవరు కట్టుకుంటారు?" అంది.

మేస్త్రి గుంజ నుంచి గుంజకు చేతులు మార్చుకుంటూ పీచు కట్ట దగ్గరికి పోయాడు. దాన్ని చంకలో పెట్టుకుని బావమరిది దగ్గరికి వచ్చాడు.

"నేనా? నాకు వెనక్కి నడవడం రాదు మేస్త్రీ!"

"నాకూ రాదిప్పుడు. చేతులెత్తు."

అతను చేతులెత్తాడు. మేస్త్రి కళ్ళు మూసుకుని, అతని నడుం చుట్టూ పీచు మూడు చుట్లు చుట్టి, కొస బయటికి లాగి అతని చేతికిచ్చాడు.